మిరపకాయల క్లాసు

మొన్న బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ల దుకాణంలో నా పాత ఫోనులో ఉన్నదంతా కొత్త ఫోనులోకి ఎక్కిస్తూ దుకాణదారు మధ్యలో ఆగిపోయాడు. "మేడం, ఇదేం యాప్? తెరిస్తే అంత బురద బురద కొడుతుంది. ఖరాబయినట్టుంది, తీసేద్దునా?" అన్నాడు. అతని కౌంటరు మీద ఎర్ర ప్లాస్టిక్ పూలగుత్తి ఒకటి ఉంది. కెమెరా దానివైపు తిరిగి ఉండడం వల్ల పూలూ ఆకులూ రెండూ తెరమీద ఒకే రంగులో, తడిసిన గోనెసంచి రంగులో కనిపిస్తున్నాయి. "ఖరాబు కాలే బిడ్డా, అది చూపించేదే గట్ల. ఉండనీ" అన్నాను. పెద్దామెతో వాదన ఎందుకనుకున్నాడేమో, దాన్ని కూడా ఎక్కించాడు. అతనికి నేను చెప్పనిది ఏమిటంటే, ఆ బురద మా బావ చూసే లోకం. దాన్ని నా ఫోనులోకి ఎక్కించుకున్న ఏడాది మా ఇంట్లో జరిగింది ఇప్పుడు రాయాలి.

మా బావ అంటే మా అక్క భర్త. చర్చి దగ్గరి సందులో వాళ్ళ ఇల్లు. పట్టణంలోని ఒక ప్రైవేటు బడిలో ఆయన డ్రాయింగు సారు. సుద్దముక్క బల్లకు ఆనిందంటే ఎద్దు వీపు మూపురం నుంచి తోక దాకా ఒక్క గీతలో వచ్చేది. మధ్యలో చెయ్యి ఎత్తడం, తుడవడం ఉండవు. ఆయన క్లాసులో ఇంకొక వింత కూడా ఉండేది. సారు తన చేత్తో రంగు తీసుకోడు. బొమ్మమీంచి చూపు తిప్పకుండా కుడిచెయ్యి పక్కకు చాపి "గ్రీన్" అంటే, పక్కన నిలబడ్డ పిల్ల పచ్చరంగు ముంచిన కుంచెను ఆ చేతిలో పెట్టాలి. అచ్చం ఆపరేషన్ గదిలో డాక్టరు కత్తెర అడిగినట్టు. ఆ నిలబడే పిల్లను రంగుల లీడరు అనేవారు. రోజుకొకరి వంతు. ఆ వంతు కోసం పిల్లలు కొట్టుకునేవారు, జ్వరంతో కూడా బడికి వచ్చేవారు. తల్లిదండ్రులు దీన్ని గొప్ప పద్ధతి అని మెచ్చుకునేవారు. నేను మొదట్లో కేవలం దర్జా అనుకొని "ఏం బావా, బువ్వ కూడ అక్కే నోట్లె పెట్టాల్నా?" అని ఆటపట్టించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నిజమేమిటంటే ఆ పిల్లల చేతులే ఆయనకు కళ్ళు. ఎరుపు, పచ్చ, గోధుమ రంగు, ఈ మూడూ ఆయనకు పుట్టుకనుంచీ ఒకటే.

ఈ సంగతి మా అక్కకు తెలిసింది కాపురానికి వచ్చిన కొత్తలో, టమాటల వల్ల. పండువి తెమ్మంటే సంచి నిండా పచ్చివి తెచ్చాడు. అక్క నవ్వింది. అత్తగారు నవ్వలేదు. కోడలిని వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకు వేసి, కొడుకు కంటి సంగతి చెప్పి, ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకుంది. ఆ రోజునుంచి కూరగాయల బజారు మా అక్కదే. ప్రమాణం నాకు వర్తించదని అక్క తీర్మానించుకుంది కాబట్టి కొంతకాలానికి నాకూ తెలిసింది. విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, బావ మీద కాదు, ఆ తలుపు వేసిన భయం మీద. ఇది రోగం కాదు, పాపం కాదు, ఎవరి శాపమూ కాదు. కంటి వెనక రంగును పట్టే కణాల్లో ఒక రకం సరిగా పనిచేయదు, అంతే. తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది, తల్లికి మాత్రం రంగులు చక్కగానే కనిపిస్తాయి. ఈ చిన్న విషయం తెలియక ఆ అత్తగారు తన కడుపులోనే ఏదో దోషముందని జీవితమంతా కుమిలిపోయింది. చిన్నప్పుడు కొడుకు కళ్ళకు చర్చిలో ప్రార్థన చేసిన నూనె రాసింది. పక్కింటావిడ జాలిపడి ఏడుపాయల అమ్మవారికి తన తరఫున మొక్కుకుంది. నూనె ఆరిపోయింది, మొక్కు తీరిపోయింది, కన్ను ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. ఎవరి దేవుడు గొప్ప అని కొట్టుకునేవాళ్ళు ఈ ఒక్క విషయంలో సమానంగా ఓడిపోయారని నేనంటే, మా అక్క "నీ ఉపన్యాసం ఆపు, గోడలకు చెవులుంటయ్" అనేది.

ఆ భయానికి కారణం లేకపోలేదు. బావ మేనమామకు కూడా ఇదే చూపు. ఆయన రైల్వేలో ఉద్యోగానికి అన్నీ నెగ్గి చివర వైద్యపరీక్షలో రంగుల చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం ముందు ఓడిపోయాడు. సిగ్నలు ఎరుపో పచ్చో తెలియని మనిషిని రైలు దగ్గరికి రానివ్వకపోవడం న్యాయమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ తరువాత ఆయనకు పిల్లనివ్వడానికి కూడా ఎవరూ రాలేదు. అది మాత్రం ఏ పుస్తకమూ చెప్పిన న్యాయం కాదు. ఆ మేనమామను చూస్తూ పెరిగిన మా బావ ఒకటే నేర్చుకున్నాడు. ఇది బయటపడితే బతుకు తినేస్తుంది. మరి అటువంటి మనిషి డ్రాయింగు సారు ఎందుకయ్యాడని అడిగితే, "నాకు ఒచ్చింది గదొక్కటే" అన్నాడొకసారి. గీత ఆయనది. రంగుకు సీసా మీద పేరుంటుంది, లేకపోతే పక్కన పిల్ల ఉంటుంది. అట్లా ఉద్యోగమంతా గడిచిపోయేదే, బడికి డిజిటల్ బోర్డు రాకపోతే.

బడి కరస్పాండెంటు చేగుంట వైపు రైతు కుటుంబం మనిషి. పొలం వదలకుండానే బడి పెట్టాడు. నోరు పెద్దదైనా మనసు చెడ్డది కాదు. గోడంత బోర్డు తెచ్చి డ్రాయింగు గదిలో పెట్టించి, పిల్లలకు ట్యాబులు ఇప్పించి, బావను పిలిచి, "సార్, ఇంక గీ సీసాలు, కుంచెలు, రంగులందిచ్చే పిల్లలు ఏం వద్దు. రంగులన్ని తెరమీదనే ఉంటయ్. వేలు పెట్టుండ్రి, వచ్చేస్తది" అన్నాడు. ఆయనకు అది వరం. బావకు అది ఉరి. తెరమీద రంగుల పక్కన పేర్లు లేవు. అయినా బావ మొండివాడు. కంపెనీ మనిషి శిక్షణ ఇచ్చినప్పుడు ఏ గడి ఏ రంగో మాటల్లో రాబట్టుకొని, వరసంతా కంఠతా పట్టాడు. పై వరసలో ఎడమనుంచి మొదటిది ఎరుపు, దాని కింద ముదురు పచ్చ, ఇట్లా పిల్లవాడు ఎక్కాలు వల్లించినట్టు వంటింట్లో వల్లించేవాడు. అక్క అప్పచెప్పించుకునేది. బోర్డు మీద బొమ్మలు బ్రహ్మాండంగా వచ్చాయి. బొమ్మను పెద్దది చేసి గీత మలుపును చూపించడం, తప్పు గీతను వెనక్కి నడిపి అది ఎక్కడ తప్పిందో పట్టి ఇవ్వడం, ఇవన్నీ సుద్దముక్కతో కుదరనివి. "మస్తుంది మరదలా, ముందే ఉండాల్సింది" అని నాతో సంబరపడ్డాడు కూడా.

తల్లిదండ్రుల సమావేశంలో బోర్డు మీద ఒక క్లాసు చేసి చూపించాలని నిర్ణయమైంది. యాపిల్ పండు గీద్దామని కంపెనీ మనిషి అంటే కరస్పాండెంటు కొట్టిపారేశాడు. "మనకాడ పండనిది ఎందుకయ్యా? మా చేన్ల మిరపకాయలు పంపిస్త. పండువి, పచ్చివి కలిపి పెడితే కండ్లకు ఎంత కళగుంటది!" అన్నాడు. లోకంలో ఉన్న కూరగాయలన్నిటిలోకీ మా బావకు గిట్టని జోడీని ఏరి మరీ పంపాడు పాపం. అదైనా గండం కాదు, గడుల వరస నోటికి ఉంది కదా. సమావేశం ముందురోజు కంపెనీ మనిషి వచ్చి బోర్డులో ఏదో అప్‌డేట్ ఎక్కించి వెళ్ళాడు. సాయంత్రం బావ బోర్డు తెరిస్తే గడులు లేవు. వాటి స్థానంలో గుండ్రటి చక్రం, అందులో ఒక రంగు ఇంకొక రంగులోకి హద్దు లేకుండా కలిసిపోతోంది. వల్లించడానికి వరస లేదు.

నేను వెళ్ళేసరికి ఆయన వాకిట్లో కుర్చీలో కూచొని చేతులు చూసుకుంటున్నాడు. అక్క తిన్నగా విషయంలోకి వచ్చింది. "చెల్లె, నువ్వు ఊర్లల్ల ఒక ఆట చూపిస్తవు గద, కండ్లకు గంతలు కట్టుకున్న బాబా రంగులు చెప్పే ఆట. గది రేపు మీ బావకు చెయ్యాలె."  ఊరూరా తిరిగి దొంగబాబాల గుట్టు విప్పడం నా పని. కళ్ళకు గంతలు కట్టుకున్న బాబా తన వెనక పట్టిన గుడ్డల రంగులు గడగడా చెబుతాడు, జనం కాళ్ళ మీద పడతారు. గంతల గుడ్డ పలచనిదని, జనంలో కలిసిపోయిన అతని మనిషి ఎదుటినుంచి సైగలు చేస్తుంటాడని నేను చేసి చూపిస్తాను. ఆ ఏడాదే బావ పనిచేసే బడిలో కూడా చూపించాను. ఇప్పుడు అక్క అడుగుతున్నది ఏమిటంటే, నేను ముందు వరసలో కూచోవాలి, బావ వేలు చక్రం మీద సరైన రంగు దగ్గరికి రాగానే చెవి కమ్మ పట్టుకోవాలి.

"నా తోని కాదక్కా. నిజం చెప్పమను. దాచుడు ఎందుకు? దొంగతనం చేసిండా?" అన్నాను. బావ తలెత్తాడు. "నువ్వు పేపర్ల రాస్తవు, నీకేం పోతది? రాసినందుకు నాలుగు చప్పట్లు కొడతరు. నేను చెప్తే నా నౌకరి పోతది. రంగులు తెల్వని డ్రాయింగు సారును ఎవలు ఉంచుకుంటరే?" "మరి ఇన్ని రోజులు అబద్ధమాడుడు మంచిదా బావా?" "అబద్ధం ఎవలు ఆడిండ్రు? ఎవ్వలన్న అడిగిండ్రా, నేను చెప్పనన్ననా?" వాదనలో నన్ను కట్టిపడేసినవాళ్ళు తక్కువ. ఆ పూట బావ వాళ్ళలో చేరాడు. అప్పుడే ఫోను తీశాను. వర్ణాంధత గురించి ఒక వ్యాసం రాయడానికి ఆ మధ్యే ఈ యాప్ పెట్టుకున్నాను. కెమెరా తిప్పి అక్కకు తన చీరనే చూపించాను. ఎర్రంచు పచ్చచీర, పెళ్ళిరోజని కట్టుకున్నది. తెరలో అంచు లేదు, చీరంతా ఒకటే మన్ను. అక్క ఫోను లాక్కొని చూసింది. "ఏమయ్యా, గీ చీర మంచిగున్నదని ప్రతీసారి అంటవు గదా" అంది. "జరి మెరుస్తది గద, గది చూసి అంటి" అన్నాడు బావ. అక్క ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను వస్తానని బావతో చెప్పాను. సైగ చేస్తానని చెప్పలేదు, చెయ్యనని కూడా చెప్పలేదు.

మర్నాడు డ్రాయింగు గది నిండిపోయింది. ముందు ఏడో తరగతి పిల్లలు ఒళ్ళో ట్యాబులతో, వెనక తల్లిదండ్రులు. పక్కగా వేసిన కుర్చీల్లో కరస్పాండెంటు, నేను, కిటికీ దగ్గర అక్క. బల్లమీద స్టీలు పళ్ళెంలో మిరపకాయలు. పైన చిన్న కెమెరా వాటిని బోర్డు సగంలో పెద్దవిగా చూపిస్తోంది. మిగతా సగంలో బావ గీత మొదలుపెట్టాడు. తొడిమ వంపు, దానికింద భుజం, సన్నగా సాగి కొంచెం ఒంకర తిరిగిన మొన.  ఒక తండ్రి "అబ్బ" అన్నాడు. అప్పుడు బావ రంగుల చక్రం తెరిచాడు. వేలు చక్రం అంచున నెమ్మదిగా తిరుగుతోంది. చూసేవాళ్ళకు ఆలోచిస్తున్నట్టు ఉంది. నాకు మాత్రం చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే మనిషిలా కనిపించాడు. వేలు ఎరుపు మీదికి వచ్చింది. నా చెయ్యి నన్ను అడగకుండానే కమ్మ మీదికి పోయింది. బావ నొక్కాడు. తెరమీద కాయ భగ్గున ఎర్రబడింది. కరస్పాండెంటు చప్పట్లు కొట్టాడు. రెండో కాయకు పచ్చ. మళ్ళీ కమ్మ. మూడో కాయ సగం పండింది, ఎరుపులోంచి పచ్చలోకి దిగాలి. వేలు మళ్ళీ తిరగసాగింది. నేను చెయ్యి ఎత్తబోతూ ఎందుకో పిల్లలవైపు చూశాను. రెండు జడల పొడుగు పిల్ల ఒకతె బోర్డును చూడడం లేదు, సారును చూడడం లేదు. నన్నే చూస్తోంది.

ఆ చూపు నాకు తెలుసు. ఊళ్ళల్లో ఆట పట్టేసే ముందు పిల్లలు అట్లాగే చూస్తారు. ఆ బడిలో ఆట చూపించిన రోజు నేనే చెప్పాను, బాబాను చూడొద్దు, బాబామీంచి కన్ను తిప్పని మనిషి ఎవరో వెతుక్కోండి అని. నా చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. బావ వేలు చక్రం చుట్టూ ఒకసారి తిరిగింది, మళ్ళీ తిరిగింది, ఆగింది. "ఏమైంది సార్, హ్యాంగయిందా?" అన్నాడు కరస్పాండెంటు. అది ఎంత మంచి దారి! ఔనంటే చాలు, కంపెనీని తిట్టుకుంటూ అందరూ ఇళ్ళకు పోయేవాళ్ళు. బావ నోరు తెరిచేలోపు ఆ పిల్ల లేచి నిలబడింది. "సార్, హ్యాంగ్ కాలే. గా మేడం కమ్మ పట్టుకుంటెనే సార్ రంగు ఒత్తుతుండు. ఇప్పుడు ఆమె పట్టుకుంటలేదు" అంది. తిట్టడానికి కాదు, లెక్క తేలినందుకు సంతోషంగా చెప్పింది. గది గొల్లుమంది. "కూసో అమ్మా" అని కసిరాడు కరస్పాండెంటు. వెనకనుంచి బావ వాళ్ళ సందులో ఉండే ఒక పెద్దమనిషి, "మిరపకాయకు ఏం రంగెయ్యాల్నో గూడ సారుకు మరదలే చెప్పాల్నా?" అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదయింది. కిటికీ దగ్గర అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ బోర్డు నుంచి పిల్లలవైపు తిరిగాడు. గొంతు క్లాసులో ఉండే గొంతే. "పిల్ల కరెక్టుగ పట్టుకుంది. నాకు రంగు తెల్వదు. గీ రెండు కాయలు నాకు ఒక్కతీరుగనే కొడుతయ్. పుట్టినప్పటి సంది గంతే. గామె నా మరదలు, నేను పరేషాన్ల ఉన్ననని సాయం చేసింది." నవ్వు తెగిపోయింది.  ఒక పిల్లవాడు ఉండబట్టలేక అడిగేశాడు. "మరి మాకు రంగులెయ్యడం ఎట్ల నేర్పినవ్ సార్?" బావ అతనివైపు చూశాడు. "మీరే అందిస్తిరి గదరా" అన్నాడు.

నేను లేచాను. ఉపన్యాసం ఇవ్వాలన్నంత ఆవేశం ఉంది, కానీ ఆ గదికి అప్పుడు కావలసింది ఉపన్యాసం కాదు. ఫోనులో యాప్ తెరిచి రెండు జడల పిల్ల చేతికిచ్చి, "మీ సారుకు ఎట్ల కనబడుతదో చూడు" అన్నాను. ఆమె దాన్ని మిరపకాయల మీద పట్టింది. "అరే, అన్నీ ఒక్కతీరే ఉన్నయ్!" అని అరిచింది. వరస చెదిరిపోయింది, పిల్లలంతా ఫోను చుట్టూ మూగారు. వెనక నిలబడ్డ కంపెనీ మనిషి తెలివైనవాడు, ఆ ఫోను తెరను బోర్డుకు కలిపాడు. గోడంత బోర్డు మీద పళ్ళెం నిండా మన్నురంగు కాయలు. బావ దాని ముందు నిలబడి అడిగాడు. "ఇప్పుడు చెప్పుండ్రి. దీంట్ల పండిందేది?" ఎవరికీ తెలియలేదు. కాసేపటికి ఒకరు తొడిమ దగ్గర ముడతలు పట్టారు. ఇంకొకరు పచ్చికాయ మీద మెరుపు గట్టిగా గీతలా ఉంటుందని, పండుకాయ మీద చెదిరిపోతుందని కనిపెట్టారు. కాదు, నీడలో తేడా ఉందని మూడో పిల్ల కొట్లాటకు దిగింది. బావ బోర్డుతో వచ్చిన, సుద్ద లాంటి ప్లాస్టిక్ పెన్ను తీసుకొని, రంగు జోలికి పోకుండా, నలుపూ తెలుపుల్లో ఆ మెరుపునూ ముడతనూ నీడనూ వేశాడు. బొమ్మలో ఏది పండో ఏది పచ్చో వెనక వరసలోంచి కూడా తెలిసింది. ఆ పెద్దమనిషి మాత్రం "రంగులు తెల్వని డ్రాయింగు సారు, ఇదో చోద్యం" అని పక్కవాళ్ళకు వినిపించేలా అని, కొడుకును చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. అతని వెంట ఇంకొందరు లేచారు.

సమావేశం కాగానే కరస్పాండెంటు బావను గదిలోకి పిలిచాడు. తలుపు వేయలేదు, మేం బయట వరండాలో నిలబడి అంతా విన్నాం. "సార్, మీరు మంచోళ్ళు, నాకెర్క. కని రేపటినుంచి ఒక్కొక్కలు వచ్చి అడుగుతరు. వాళ్ళకు నేనేం చెప్పాలె? రంగుల క్లాసుకు వేరే మేడంను తెచ్చుకుంట. చిన్న క్లాసులకు పెన్సిల్ బొమ్మలు మీరు చెప్పుండ్రి. బోర్డు ఆమెకు ఇచ్చేద్దాం." అక్క నా మణికట్టు పట్టుకుంది, నేను లోపలికి పోకుండా. నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్నేళ్ళు నేర్పినప్పుడు లేని అనుమానం నిజం చెప్పాక ఎందుకొచ్చిందని అడుగుదామనుకున్నాను. కానీ లోపల మా బావ బతిమాలుతున్నాడు, ఉద్యోగం కోసం కాదు. "బోర్డు ఆమెకే ఇయ్యిండ్రి సార్. కని గా యాప్ పిల్లల ట్యాబులల్ల ఎక్కించుండ్రి. ఏడాదికొక్కసారి ప్రతి పిల్లగాన్ని దాంతోని అడగనియ్యిండ్రి, ఎవలికి ఏం కనబడుతుందో. యాప్‌ల చూసినా, బయట చూసినా ఒక్కతీరే అన్నోడు నా అసొంటోడు. గది చిన్నప్పుడే తెల్వాలె. కొట్టుడు ఉండొద్దు, దాచుడు ఉండొద్దు."  దానికి కరస్పాండెంటు, "గట్లనే సార్. అండ్ల ఏం పోయింది" అన్నాడు.

పోయింది. బావకు సగం ఉద్యోగం, సగం పేరు పోయాయి. సందులో కొందరు ఆయనను చూసి చొక్కా రంగు అడిగి నవ్వేవారు. నేను దీని మీద మండుతూ వ్యాసం రాస్తానంటే వద్దన్నాడు, ఆ కోపం చల్లారినాక రాయమన్నాడు. ఆ బడిలో యాప్‌తో అడగడం నిజంగానే జరుగుతోంది. ఈ ఏడాది మూడో తరగతిలో ఒక పిల్లవాడికి అదే చూపు అని తేలింది. తేలిన మధ్యాహ్నం వాడు అన్నం గంటలో ఆ సంగతి అందరికీ గట్టిగా చెప్పుకొని, తన రంగుపెన్సిళ్ళ మీద పేర్లు రాయించుకొని, ఆటకు పోయాడు. మేనమామకు, బావ వాళ్ళ అమ్మకు ఆ ఒక్క మాట నోటి దాకా రావడానికి జీవితాలు చాలలేదు, మా బావకు సగం జీవితం పట్టింది. ఆ పిల్లవాడికి మాత్రం దాన్ని చెప్పేసి మరిచిపోవడానికి అన్నం గంట సరిపోయింది, అందులోనూ ఆటకు కాస్త టైము మిగిలింది.